దోమతెరలో నీలం వెలుగు: ఇంటర్ అబ్బాయికి నిద్ర లేదు, మార్కులూ రావట్లేదు. ఏం చెయ్యమంటారు?

రావులపాలెం నాన్న | సోమవారం, అర్ధరాత్రి 12:41

అందరికీ నమస్కారమండి. మా వాడు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. టెన్త్‌లో మంచి మార్కులే వచ్చాయి. ఫస్టియర్‌లో ఫిజిక్స్ దగ్గర దెబ్బ తిన్నాడు. ఇప్పుడు ఏ స్లిప్ టెస్టు పేపరు చూసినా ఒకటే తంతు. మొదటి రెండు ప్రశ్నలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తాడు, మూడోది సగంలో వదిలేస్తాడు. అడిగితే "వచ్చు నాన్నా, గుర్తు రాలేదు" అంటాడు.

మొన్న రాత్రి ఒంటిగంటకి మంచినీళ్లకని లేచాను. వాడి గదిలో లైటు లేదు. కానీ దోమతెర మొత్తం లోపల్నుంచి నీలంగా వెలుగుతోంది, కార్తీకంలో గోదాట్లో వదిలిన దీపం దొప్పలాగ. నేను గుమ్మంలో నిలబడ్డ సంగతి కూడా వాడికి తెలియదు. బొటనవేలు ఒక్కటే కదులుతోంది, కిందనుంచి పైకి, మళ్లీ కిందనుంచి పైకి. చాలాసేపు చూశాను. ఒక్కసారి నవ్వలేదు, ఒక్క వీడియో పూర్తిగా చూడలేదు.

ఫోను తీసుకుంటానంటే "నోట్స్ గ్రూపులోనే వస్తాయి, అలారం కూడా అందులోనే ఉంది" అంటాడు. రెండూ నిజమే. నా ప్రశ్న ఏంటంటే, నిజంగా ఫోను వల్ల నిద్ర చెడి, ఆ నిద్ర వల్ల చదువు పోతోందా? లేక కంటికి కనపడింది కదా అని నేను ఫోను మీద పడుతున్నానా?

వనామి | 12:58

అన్నయ్యా, అర్ధరాత్రి 12:41కి పోస్టు పెట్టి మా వాడు పడుకోవట్లేదంటే ఎలాగండీ. నేనంటే రొయ్యల చెరువు గట్టు మీద ఉన్నాను, నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్లు తిరుగుతున్నాయి, నాకు తప్పదు.

రావులపాలెం నాన్న | 1:03

నిజమేనండి. పడుకుంటున్నా.

పాత సైన్సు మాస్టారు | మంగళవారం, ఉదయం 5:50

బాబూ, ముందు అబ్బాయిని తిట్టడం ఆపండి. ఆ వయసులో ఒంట్లో గడియారమే కాస్త వెనక్కి జరుగుతుంది. చిన్నప్పుడు అన్నం తింటూ తూగినవాడికి ఇప్పుడు పదకొండు దాటితే గానీ కన్ను మూతపడదు. బద్ధకమని పెద్దవాళ్లు అనుకుంటారు గానీ, అది ఎదుగుదలలో ఒక దశ.

ఇక వెలుగు సంగతి. చీకటి పడ్డాక మెదడులో పీనియల్ గ్రంథి మెలటోనిన్ వదులుతుంది. "రాత్రయిందహో" అని ఒళ్లంతా వినేలా వేసే దండోరా అనుకోండి. మన కంటి రెటీనాలో బొమ్మలు చూడటం కంటే వెలుగు ఎంతుందో కొలవడమే ముఖ్యమైన పనిగా ఉన్న కణాలు కొన్ని ఉన్నాయి. వాటిలో మెలనోప్సిన్ అనే పదార్థం ఉంటుంది. అది సుమారు 480 నానోమీటర్ల నీలం వెలుగుకి గట్టిగా స్పందిస్తుంది, అంటే పగటి ఆకాశం రంగు. ఫోను తెరలోనూ ఆ నీలం బాగానే ఉంటుంది. దోమతెరలో ఆ వెలుగు పడుతుంటే దండోరా వేసేవాడు ఇంకా పొద్దుందనుకొని ఊరుకుంటాడు.

2014 చివర్లో అమెరికాలో ఒక ప్రయోగం అచ్చయింది. 12 మందిని తీసుకుని, పడుకునే ముందు నాలుగేసి గంటలు, ఐదు రాత్రులు తెర మీద, ఐదు రాత్రులు కాగితం మీద పుస్తకం చదివించారు. తెర మీద చదివిన రోజుల్లో మెలటోనిన్ రావడం గంటన్నర ఆలస్యమైంది. మర్నాడు పొద్దున్న కూడా మత్తుగానే ఉన్నారట.

నేను బళ్లో చెప్పేటప్పుడు ఈ పాఠం లేదు. ఆ కణాల గుట్టు 2002 ప్రాంతంలో కదా తేలింది. 2017లో ఒంటి గడియారం ఎలా నడుస్తుందో ఈగల మీద కనిపెట్టిన హాల్, రోస్‌బాష్, యంగ్‌లకి నోబెల్ ఇచ్చారు. పేపర్లో అది చదివిన రోజున మళ్లీ ఒక్కసారి క్లాసుకి వెళ్లి చెప్పాలనిపించింది.

కొబ్బరితోట | మంగళవారం, ఉదయం 9:15

మాస్టారూ, నేను బీటెక్ థర్డియర్. ఆ ప్రయోగం నేనూ చదివానండి. అందులో నిద్ర పట్టడం ఆలస్యమైంది సగటున పది నిమిషాలే. అదీ తెర ఫుల్ బ్రైట్‌నెస్ పెట్టి నాలుగు గంటలు చూస్తే. పది నిమిషాలకి ఫిజిక్స్ పోదు కదా.

నన్నడిగితే వెలుగు కంటే తెర మీద నడిచేదే అసలు సమస్య. పుస్తకానికి అధ్యాయం అయిపోతుంది, సీరియల్‌కి ఎపిసోడ్ అయిపోతుంది. రీల్స్‌కి ఆఖరు లేదు. ఒకటి బాగోకపోతే తర్వాతది బాగుంటుందేమోనని వేలు దానంతటదే కదులుతుంది. బాబాయ్ గారూ, మీ వాడు నవ్వలేదన్నారు చూడండి, నేనూ అంతే. రెండేళ్లు అలా చూశాను, ఒక్కటి గుర్తులేదు.

ఇంకో లెక్క వేద్దాం. బస్సు ఎన్నింటికి, ఇంటికొచ్చేది ఎన్నింటికి?

రావులపాలెం నాన్న | మంగళవారం, మధ్యాహ్నం 1:20

బస్సు పొద్దున్న 6:20. లేచేది 5:15. ఇంటికొచ్చేసరికి రాత్రి 7:30. స్నానం, భోజనం అయ్యేసరికి 8:30. కాలేజీ వాళ్లిచ్చిన పని 10:30 దాకా ఉంటుంది.

కొబ్బరితోట | మంగళవారం, మధ్యాహ్నం 1:34

చూశారా. ఫోను ముట్టుకోకుండా 10:30కి పడుకున్నా 5:15కి లేవాలంటే ఆరూ ముప్పావు గంటలు. ఎనిమిది గంటలు పడుకోవాలంటే 9:15కి పక్క ఎక్కాలి. అంటే ఫోను చేతికి రాకముందే కాలేజీ ఒకటిం పావు గంట తీసేసుకుంది. మిగిలినదాంట్లో రెండున్నర గంటలు ఫోను తిన్నది. దొంగలు ఇద్దరు, మీరు ఒకణ్ణే పట్టుకున్నారు.

వనామి | మంగళవారం, సాయంత్రం 4:10

బాగా చెప్పావు తమ్ముడూ. మరి ఫోన్లో రాత్రిపూట తెర పసుపుగా మార్చే సెట్టింగ్ ఉంటుంది కదా, అది పెడితే సరిపోదా?

కొబ్బరితోట | మంగళవారం, సాయంత్రం 4:25

బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు 2021లో ఐఫోన్ నైట్ షిఫ్ట్ మీద చూశారండి. పెట్టినవాళ్లకీ పెట్టనివాళ్లకీ నిద్రలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పసుపు తెర మీద రీలు రీలే.

పాత సైన్సు మాస్టారు | మంగళవారం, సాయంత్రం 6:05

ఒప్పుకున్నాను నాయనా. కానీ వెలుగు పాత్ర అసలు లేదనకు. చీకటి గదిలో, ముఖానికి జానెడు దూరంలో, ఏడాది పొడుగునా చూసేవాడి సంగతి ఆ 12 మందిలో తేలేది కాదు.

లెక్కల మేడమ్ | మంగళవారం, రాత్రి 9:02

నేను పాలకొల్లు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మొదటి పీరియడ్ నాదే. ఎనిమిదో తరగతి పిల్లలు బాగానే ఉంటారు. తొమ్మిది, పదికి వచ్చేసరికి వెనక బెంచీల్లో తలలు వాలిపోతాయి. ఒకరోజు పాఠం ఆపి, ఎవరు ఎన్నింటికి పడుకున్నారో పేరు రాయకుండా చీటీ మీద రాయమన్నాను. సగానికి పైగా చీటీల్లో 12 దాటింది. ఒక చీటీలో "అమ్మ సీరియల్ అయ్యాక అమ్మ ఫోను నాకొస్తుంది" అని ఉంది. ఆ చీటీ పారెయ్యలేదు, హాజరుపట్టీలో దాచుకున్నాను.

పల్లె పిల్లల చదువు మీద సర్వే చేసే అసర్ 2024 నివేదికలో పల్లెల్లో 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చని ఉంది. వాళ్లలో అంతకుముందు వారంలో చదువు పనికి వాడింది 57 శాతం, సోషల్ మీడియాకి వాడింది 76 శాతం. ఇది దేశం మొత్తం లెక్క. మా చీటీలు చూశాక నాకేం ఆశ్చర్యం కలగలేదు.

ఒక తప్పు ఒప్పుకుంటాను. కరోనాలో బళ్లు మూతపడ్డప్పుడు వాట్సాప్ గ్రూపు పెట్టాం. బళ్లు తెరిచారు, గ్రూపు అలాగే ఉంది. ఇంటిపనీ వంటపనీ అయ్యాక రాత్రి పదింటికి హోంవర్క్ ఫోటో తీసి అందులో పెట్టేది నేనే. పొద్దున్న "రాత్రంతా ఫోనేంట్రా" అని తిట్టేదీ నేనే.

గట్టుమీద గాలి | మంగళవారం, రాత్రి 9:30

2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులిచ్చారు కదా, అక్కడ మొదలైంది ఈ జబ్బంతా. అసలు ఏ ప్రభుత్వం

నిర్వాహకుడు | మంగళవారం, రాత్రి 9:41

ఈ పోస్టులో మిగతా పదకొండు పేరాలు తీసేశాం. ఏ పార్టీ ఏం చేసిందన్నది వేరే దారంలో (థ్రెడ్‌లో) కొట్టుకోండి. ఇక్కడ నిద్ర, చదువు.

నైట్ డ్యూటీ | బుధవారం, తెల్లవారుజాము 3:20

అమలాపురంలో స్టాఫ్ నర్సుని. పేరులోనే ఉంది నా నిద్ర సంగతి. వార్డు ఇప్పుడే కాస్త సద్దుమణిగింది.

అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పిన లెక్క ప్రకారం 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మన పిల్లల్లో ఎవరికి అందుతోంది చెప్పండి. ఆదివారం పన్నెండింటిదాకా పడుకుని బాకీ తీర్చేస్తాం అనుకుంటారు. కొంచెం తీరుతుంది, కాదనను. కానీ ఆదివారం పన్నెండింటికి లేచినవాడికి ఆ రాత్రి పదకొండింటికి నిద్ర రాదు. సోమవారం పొద్దున్న 5:15కి లేపితే విమానం దిగి ఇంకో దేశంలో లేచినట్టుంటుంది వాడికి.

ఇంకొకటి. ఫోను వల్ల నిద్ర పోయినవాళ్లు ఉంటారు, నిద్ర పట్టక ఫోను పట్టుకునేవాళ్లూ ఉంటారు. నోరు తెరిచి గురక పెట్టే పిల్లాడికి టాన్సిల్స్ వాచి ఉండొచ్చు. రక్తం తక్కువగా ఉన్న ఆడపిల్లలకి ఐరన్ చాలక రాత్రి కాళ్లు పీకుతాయి, ఒకచోట ఉంచలేరు. అలాంటివి ఉంటే ఫోను తీసినా ఫలితం ఉండదు, డాక్టరుకి చూపించాలి. మీ వాడికి ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, టెన్షన్ ఉందేమో కూడా మెల్లగా అడగండి అన్నయ్య గారూ. తిట్టే గొంతుతో వద్దు.

పంటు రేవు | బుధవారం, రాత్రి 8:15

మాది సకినేటిపల్లి వైపు. మా సంగతి వేరండి, చెప్పొచ్చో లేదో అని రెండ్రోజులు చూశాను.

మా చెల్లెలు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి నాలుగేళ్లయింది. మేనకోడలు తొమ్మిదో తరగతి, మా అమ్మ దగ్గర ఉంటుంది. చెల్లెలికి పని అయ్యేసరికి అక్కడ రాత్రి తొమ్మిది. అంటే ఇక్కడ పదకొండున్నర. పిల్ల అప్పటిదాకా ఫోను గుండెల మీద పెట్టుకుని పడుకుంటుంది. ఒక కునుకు తీస్తుంది, రింగు వినగానే లేస్తుంది. అరగంట మాట్లాడతారు. సగం మాటలు ఏం తిన్నావు, జడ ఎవరేశారు, అంతే. ఫోను పెట్టేశాక పిల్లకి నిద్ర రాదు. ఒంటిగంట దాకా ఏదో ఒకటి చూస్తూ ఉంటుంది. ఒక్కోసారి ఏడుస్తుందని మా అమ్మ అంటుంది.

బళ్లో పిలిచి "పిల్ల క్లాసులో నిద్రపోతోంది, ఫోను తీసేయండి" అన్నారు. వాళ్లన్నది తప్పు కాదు. కానీ ఫోను తీసేస్తే అమ్మని తీసేసినట్టే కదండీ దానికి.

లెక్కల మేడమ్ | బుధవారం, రాత్రి 8:40

ఇది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు తమ్ముడూ. మా క్లాసులోనూ ఇలాంటి పిల్లలు ముగ్గురున్నారు. తల వాలిస్తే నేనూ కేకలేశాను.

నైట్ డ్యూటీ | బుధవారం, రాత్రి 10:05

ఇక్కడ దెబ్బ తగిలేది నిద్ర మధ్యలో ముక్క అవడం వల్ల. రాత్రి మొదటి భాగంలో గాఢనిద్ర ఎక్కువ. సరిగ్గా అందులోకి దిగేటప్పుడు లేపేస్తే మళ్లీ మొదట్నుంచి దిగాలి. మీ చెల్లెలు పొద్దున్న ఎన్నింటికి లేస్తుంది?

పంటు రేవు | బుధవారం, రాత్రి 10:12

అక్కడ అయిదింటికి. ఇక్కడ ఏడున్నర. అప్పుడు పిల్ల బడికి తయారవుతూ ఉంటుంది.

వనామి | బుధవారం, రాత్రి 10:30

మరి అప్పుడే మాట్లాడితే పోలే? పది నిమిషాలైనా. రాత్రి చెల్లెమ్మ చెప్పాలనుకున్నది వాయిస్ మెసేజ్ పెట్టమనండి, పొద్దున్న వింటుంది. సెలవు రోజున తీరిగ్గా వీడియో కాల్.

నా గోడు కూడా చెప్తాను. మా పెద్దోడు డిప్లొమా. రాత్రి కాపలాకి తోడు రమ్మని నేనే తీసుకెళ్లేవాణ్ణి. చెరువులో డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, తెల్లారుజామునే పడిపోతుంది. పగలు నీళ్లలో నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ తీసుకుంటుంది. తెల్లారేసరికి అడుగంటుతుంది. 3 పీపీఎం కిందకి వెళ్తే రొయ్య పైకి తేలుతుంది, ఇక గుండె ఆగినంత పని. వాడు మెలకువగా ఉంటాడని ఫోన్లో డేటా కూడా నేనే వేయించేవాణ్ణి. రెండు బ్యాక్‌లాగ్‌లు పడ్డాక మా ఆవిడ అడిగింది, "రొయ్యలకి రాత్రి గాలి అందకపోతే చస్తాయని తెలుసు కదా, పిల్లాడికి నిద్ర అందకపోతేనో?" అని. నాకు జవాబు లేదు. ఇప్పుడు కాపలాకి మనిషిని పెట్టుకున్నాను, ఖర్చయినా.

రావులపాలెం నాన్న | గురువారం, సాయంత్రం 5:45

నర్సమ్మ గారు చెప్పినట్టు తిట్టకుండా అడిగానండి. ఇద్దరం బండి మీద కొత్తపేట వెళ్లొస్తుంటే, కాలవ గట్టు మీద. ఎదురుగా కూర్చోపెట్టి అడిగితే చెప్పడని నాకు తెలుసు.

వాడు చెప్పింది ఇదీ. "పొద్దున్న అయిదింటి నుంచి రాత్రి పదిన్నర దాకా ఎవరో ఒకరు చెప్పినట్టు చేస్తాను నాన్నా. పడుకుంటే వెంటనే మళ్లీ అయిదవుతుంది. ఆ రెండు గంటలే నావి."

అప్పటిదాకా వాడు ఫోను కోసం నిద్ర మానుకుంటున్నాడనుకున్నాను. బండి నడుపుతున్నాను కాబట్టి సరిపోయింది, నా మొహం వాడికి కనపడలేదు.

కొబ్బరితోట | గురువారం, సాయంత్రం 6:30

బాబాయ్ గారూ, నాదీ ఇదే కథ. అందుకే ఫోను లాక్కుంటే పని జరగదు. ఆ రెండు గంటల్లో ఒక గంట ముందుకి జరపాలి. ఇంటికి రాగానే 7:30 నుంచి 8:30 దాకా వాడిష్టం, ఫోను చూస్తాడో క్యారమ్స్ ఆడతాడో మీరు తొంగి చూడొద్దు. తర్వాత పని. 10:15కి ఫోను ఛార్జింగ్‌కి హాల్లో. అలారానికి గడియారం కొనండి, అప్పుడు "అలారం అందులోనే ఉంది" అన్న మాట చెల్లదు. మీ ఫోను కూడా హాల్లోనే పెట్టాలి, లేకపోతే మొదటి రాత్రే వాడు మిమ్మల్ని అడుగుతాడు.

పాత సైన్సు మాస్టారు | శుక్రవారం, ఉదయం 6:10

"వచ్చు నాన్నా, గుర్తు రాలేదు" అన్నాడు చూశారూ, ఆ మాట దగ్గరికి వస్తాను. పగలు చదివింది మెదడులో హిప్పోకాంపస్ దగ్గర తాత్కాలికంగా ఉంటుంది. నిద్రలో అది మళ్లీ మళ్లీ నెమరుకొచ్చి పైపొరలో కుదురుకుంటుంది. గేదె పగలు గబగబా మేసి రాత్రి తీరిగ్గా నెమరేస్తుంది కదా. మేత బాగానే మేస్తున్నాడు మీ వాడు, నెమరుకే టైము లేదు.

2019లో ఎంఐటీ వాళ్లు కెమిస్ట్రీ చదివే పిల్లలకి చేతి పట్టీలు కట్టి సెమిస్టర్ పొడుగునా నిద్ర కొలిచారు. పరీక్ష ముందు రాత్రి ఎంత పడుకున్నారన్నదానికీ మార్కులకీ పొంతన కనపడలేదు. అంతకుముందు వారాలూ నెలలూ ఎంత పడుకున్నారు, రోజూ ఒకే వేళకి పడుకున్నారా అన్నదానికి మాత్రం పొంతన ఉంది. కాబట్టి మార్చిలో పరీక్షల ముందు నాలుగు రోజులు ఫోను దాచేస్తే లాభం లేదు. దసరాకే మొదలుపెట్టాలి.

కాలేజీ టైము మాటకొస్తే, అమెరికాలో సియాటిల్ ఊళ్లో 2016లో హైస్కూళ్లు 7:50 నుంచి 8:45కి మార్చారు. పిల్లలు ఇంకా ఆలస్యంగా పడుకుంటారని భయపడ్డారు. కొలిచి చూస్తే రోజుకి 34 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. కొలిచిన క్లాసుల్లో మార్కులూ కాస్త పెరిగాయి.

రావులపాలెం నాన్న | శుక్రవారం, మధ్యాహ్నం 2:00

కాలేజీకి ఫోన్ చేసి బస్సు అరగంట వెనక్కి జరపొచ్చా అని అడిగాను మాస్టారూ. "మీ అబ్బాయి ఒక్కడి కోసమా సార్?" అన్నారు. ఇంకో ఆరుగురు తల్లిదండ్రుల్ని పోగుచేస్తున్నాను.

లెక్కల మేడమ్ | మూడు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 6:20

ఈ దారం పైకి తెస్తున్నాను. హోంవర్క్ ఇప్పుడు చివరి పీరియడ్‌లో బోర్డు మీదే రాసేస్తున్నాను. గ్రూపులో సెలవుల కబురు తప్ప ఏమీ పెట్టట్లేదు. ఇద్దరు తల్లులు "మేడమ్ గారు పని ఇవ్వట్లేదు" అని హెడ్మాస్టరు గారికి చెప్పారు. ఏం చేస్తాం.

పంటు రేవు | శనివారం, రాత్రి 7:50

మా వాళ్ల సంగతి సగం సగం. చెల్లెలు మొదట బాధపడింది. "నేను పిలిచేసరికి పడుకుందంటున్నారు, నన్ను మర్చిపోతుందేమో అన్నయ్యా" అంది. ఇప్పుడు రాత్రి వాయిస్ పెడుతోంది. పొద్దున్న మా అమ్మ జడ వేస్తుంటే పిల్ల ఫోను ఒళ్లో పెట్టుకుని వింటుంది. తల ఊపుతుంది, జడ వంకర పోతుంది, మా అమ్మ నెత్తి మీద ఒకటి వేస్తుంది. తర్వాత లైన్ కలిస్తే పది నిమిషాలు. కొన్ని రాత్రులు మాత్రం పదకొండున్నరకి దానంతటదే మెలకువ వస్తోందట, ఫోను మోగకపోయినా.

నైట్ డ్యూటీ | శనివారం, రాత్రి 8:30

అలవాటు పడ్డ ఒళ్లు కదా. పోవడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. ఆ టైములో ఫోను ఇవ్వకండి, అమ్మమ్మ పక్కన పడుకోబెట్టండి.

రావులపాలెం నాన్న | శనివారం, రాత్రి 9:10

నా సంగతీ చెప్పేస్తాను, 10:15కి ఫోను హాల్లో పెట్టెయ్యాలి.

బస్సు 6:20 నుంచి 6:35 అయింది. పదకొండు మంది తల్లిదండ్రులం వెళ్తే పావుగంట ఇచ్చారు. మొన్న స్లిప్ టెస్టులో ఫిజిక్స్ ఎక్కడున్నది అక్కడే. కెమిస్ట్రీ మూడు మార్కులు పెరిగింది. అది నిద్ర వల్లో, పేపరు తేలిగ్గా వచ్చిందో చెప్పలేను. మూడో ప్రశ్న మాత్రం పూర్తిగా రాశాడు, తప్పు రాశాడనుకోండి. వారానికి అయిదు రాత్రులు ఫోను హాల్లో ఉంటోంది. మిగతా రెండు రాత్రులు నేను అడగట్లేదు.

రావులపాలెం సెంటర్లో అలారం గడియారం కొన్నాను, పాతకాలంది, కీ ఇచ్చేది. టిక్కు టిక్కుమని నిద్ర చెడగొడుతోందని మా వాడు దాన్ని తీసుకెళ్లి వంటింట్లో పెట్టాడు. పొద్దున్న అది మోగితే లేచేది మా అమ్మ.

వనామి | శనివారం, రాత్రి 9:14

మీ అమ్మగారు ఎలాగూ నాలుగింటికే లేస్తారు కదండీ.

రావులపాలెం నాన్న | శనివారం, రాత్రి 9:16

లేస్తుందండి. లేచి, అది మోగేదాకా దాని ఎదురుగా కూర్చుంటోంది.